103వ అంతస్తు నుంచి షికాగో: టికెట్ డబ్బులు ఎక్కడ గిట్టుబాటవుతాయి?

ఈ ఎపిసోడ్‌లో షికాగోలోని విల్లిస్ టవర్ ఎక్కుదాం. 103వ అంతస్తులో స్కైడెక్ అని ఒక అబ్జర్వేషన్ డెక్ ఉంది. నేల నుంచి 1,353 అడుగులు, అంటే 412 మీటర్ల ఎత్తు. ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు, కొడుకునో కూతురినో చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు, రెండు రోజుల ట్రిప్పుకి వచ్చినవాళ్ళు, అందరూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "టికెట్ మనిషికి 30 డాలర్ల పైనే ఉంది. అంత పెట్టి ఎక్కడం అవసరమా? ఫోన్‌లో డ్రోన్ వీడియో చూస్తే సరిపోదా?"

న్యాయమైన ప్రశ్నే. పార్ట్ టైమ్ జాబ్ చేసుకుంటూ, లోన్ వడ్డీ లెక్కలు చూసుకుంటూ ఉండే పిల్లలకి 30 డాలర్లంటే వారం పచారీ సామాన్లు. అందుకే సూటిగా చెప్తాను. ఏం చూడాలో తెలియకుండా ఎక్కితే ఆ డబ్బు దండగ. తెలిసి ఎక్కితే మాత్రం ఈ ఊరి మీద ఒక పుస్తకం చదివినంత పని గంటలో అయిపోతుంది.

ఎందుకంటారా? అంత ఎత్తు నుంచి ఏ కట్టడమూ గొప్పగా కనిపించదు. కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టించే బిల్డింగులన్నీ పైనుంచి అగ్గిపెట్టెల్లా ఉంటాయి. కానీ ఒక విషయం పైనుంచి మాత్రమే తెలుస్తుంది. ఏది ఎక్కడ ఉంది, అక్కడే ఎందుకు ఉంది అన్నది. నీళ్ళు ఎటు, రైలు పట్టాలు ఎటు, తగలబడింది ఎక్కడ, ఎవరి ఇళ్ళు ఎటువైపు. ఈ నాలుగు ప్రశ్నలు జేబులో పెట్టుకుని ఎక్కండి. నాలుగు వైపులా కిటికీలు ఉన్నాయి. ఒక్కో కిటికీ దగ్గర ఏం వెతకాలో ఇప్పుడు చెప్తాను.

ముందు టికెట్ కొనే ముందు సంగతి. ఏ గంటకి వెళ్ళాలో మనమే ఎంచుకుని బుక్ చేసుకోవాలి. ఆకాశం చూడకుండా నెల ముందే కొనేయకండి, వీలైతే ఒకటి రెండు రోజుల ముందు కొనండి. ఆ రోజు ఇంకో చిన్న పరీక్ష చేయండి. వీధిలో నిలబడి టవర్ తల కనిపిస్తోందో లేదో చూడండి. మబ్బులో ఉండి కనిపించకపోతే, పైనుంచి కింద ఊరు కూడా కనిపించదు. అద్దం అవతల తెల్లటి గోడ కట్టినట్టు ఉంటుంది, అంతే. ఉదయం ఎండ తూర్పు కిటికీలో కళ్ళలోకి కొడుతుంది, సాయంత్రం పడమర కిటికీలో కొడుతుంది. సరస్సు బాగా కనిపించాలంటే మధ్యాహ్నం తర్వాత వెళ్ళడం మేలు.

ఎంత దూరం కనిపిస్తుంది? దీనికి సులువైన లెక్క ఉంది, ఫోన్ క్యాలిక్యులేటర్ తీయండి. మీరున్న ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి, 3.57తో గుణించండి. దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. బీచ్‌లో నిలబడ్డ మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే, కనిపించేది నాలుగున్నర కిలోమీటర్లు. 412 మీటర్లకి లెక్కేస్తే దాదాపు 72 కిలోమీటర్లు. అందుకే ఆకాశం బాగా తేటగా ఉన్న రోజు ఇల్లినాయితో పాటు ఇండియానా, మిషిగన్, విస్కాన్సిన్, మొత్తం నాలుగు రాష్ట్రాలు ఇక్కడి నుంచి కనిపిస్తాయంటారు. ఇందులో ఇంకో కిటుకు ఉంది. అక్కడ ఉన్నది వర్గమూలం కదా, ఎత్తు నాలుగు రెట్లయితేనే చూపు రెండు రెట్లవుతుంది. కాబట్టి ఇంకా ఎత్తైన టవర్ ఎక్కినంత మాత్రాన అదే లెక్కలో ఎక్కువ కనిపిస్తుందనుకోకండి.

సరే, లిఫ్ట్ ఎక్కాం. దాదాపు ఒక నిమిషంలో పైకి తీసుకెళ్ళిపోతుంది, చెవులు గుయ్‌మంటాయి. ఆ నిమిషంలో మీరు ఎక్కుతున్న బిల్డింగ్ గురించి చెప్పేస్తాను, ఎందుకంటే పైకి వెళ్ళాక మీకు కనిపించని ఒకే ఒక్క ల్యాండ్‌మార్క్ ఇదే.

1973లో 442 మీటర్ల ఎత్తుకి లేచినప్పుడు దీని పేరు సియర్స్ టవర్. 110 అంతస్తులు. 1998 దాకా ప్రపంచంలో ఎత్తైన బిల్డింగుల లెక్కలో మొదటి పేరు ఇదే, తర్వాత కౌలాలంపూర్ పెట్రోనాస్ టవర్లు దాటేశాయి. 2009లో విల్లిస్ టవర్ అని పేరు మార్చారు. ఇక్కడి పాతకాలం వాళ్ళు ఇప్పటికీ సియర్స్ అనే అంటారు. ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహం. దీన్ని నిలబెట్టే పద్ధతి కనిపెట్టిన స్ట్రక్చరల్ ఇంజనీర్ మాత్రం మన వైపు మనిషే. ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టాడు, అప్పటికి అది ఇంకా అవిభక్త భారతదేశం. 1952లో స్కాలర్‌షిప్ మీద ఇల్లినాయి యూనివర్సిటీకి వచ్చి, మూడేళ్ళలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక పీహెచ్‌డీ పూర్తి చేశాడు. ఎమ్మెస్ చేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ వాక్యం ఇంకోసారి వినండి.

ఆయన పట్టుకున్న సమస్య ఏమిటంటే, బిల్డింగ్ ఎత్తు పెరిగే కొద్దీ దాని బరువు కంటే గాలి పెద్ద శత్రువు అవుతుంది. గాలి తోపుకి వంగకుండా ఉండాలంటే పాత పద్ధతిలో లోపలంతా స్తంభాలు, దూలాలు, బోలెడంత స్టీలు కావాలి. ఖాన్ ఆ బలాన్ని లోపలి నుంచి తీసి బయటి గోడకి ఇచ్చాడు. వెదురుబొంగు చూడండి, లోపల డొల్ల, బలమంతా పైపెంకులో. విల్లిస్ టవర్‌లో అలాంటి గొట్టాలు తొమ్మిది కలిపి కట్టాడు. తొమ్మిది అగరుబత్తి డబ్బాలు మూడేసి చొప్పున మూడు వరసల్లో నిలబెట్టి రబ్బరు బ్యాండు వేసినట్టు. ఒక్కోటి 75 అడుగుల చదరం. రెండు గొట్టాలు 50వ అంతస్తులో ఆగిపోతాయి, రెండు 66లో, మూడు 90లో. పైదాకా వచ్చేవి రెండే. 103వ అంతస్తులో మీరు నిలబడేది ఆ మిగిలిన రెండింట్లోనే. ఖాన్ 1982లో చనిపోయాడు. టవర్ కింద జాక్సన్, ఫ్రాంక్లిన్ వీధులు కలిసే మూలకి ఆయన పేరే పెట్టారు. దిగాక ఆ బోర్డు కోసం చూడండి.

ఇప్పుడు తూర్పు కిటికీ. మొదటి ప్రశ్న, నీళ్ళు ఎటు?

మా అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు వాళ్ళని ఇక్కడికి తీసుకొచ్చాను. అమ్మ ఈ కిటికీ దగ్గర నిలబడి, "అమ్మాయ్, ఇది సముద్రమేగా?" అంది. చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, అవతలి ఒడ్డు కనిపించదు మరి. కానీ అది లేక్ మిషిగన్, మంచినీళ్ళ సరస్సు. విస్తీర్ణం 58,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కొంచెం పైనే. ఊరంతా తాగేది ఈ నీళ్ళే. ఆకాశం తేటగా ఉంటే తీరానికి రెండు మూడు మైళ్ళ అవతల నీళ్ళలో చుక్కల్లాంటి కట్టడాలు కనిపిస్తాయి. వాటిని క్రిబ్‌లు అంటారు. సరస్సు అడుగు నుంచి సొరంగాల్లోకి నీళ్ళు తోడే చోటు అది. ఈ చుక్కలు గుర్తుపెట్టుకోండి, పడమర కిటికీ దగ్గర వీటితో పనుంది.

ఊరికీ సరస్సుకీ మధ్య పొడుగ్గా పచ్చటి పట్టీ ఉంది కదా, అది గ్రాంట్ పార్క్. అందులో చాలా భాగం ఒకప్పుడు నీళ్ళే. 1871లో ఊరు తగలబడినప్పుడు మిగిలిన ఇటుకలు, రాళ్ళు, శిథిలాలు తెచ్చి ఒడ్డున పోశారు. మీరు పిక్నిక్ చేసుకునే ఆ గడ్డి కింద కాలిపోయిన షికాగో ముక్కలు ఉన్నాయి. పార్కు ఉత్తరం చివర మిలీనియం పార్క్. అది కూడా రైలు యార్డు మీద కప్పు వేసి కట్టి 2004లో తెరిచారు. అందరూ ఫోటో దిగే ఆ స్టీలు చిక్కుడుగింజ, అనీశ్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్, అక్కడే ఉంది. దానికోసం పైనుంచి వెతుక్కోకండి, నడిచి వెళ్ళి చూడాల్సిన వస్తువు అది. టికెట్ కూడా లేదు.

పార్కు అంచున మిషిగన్ అవెన్యూ మీద పాత రాతి భవనం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893 సెప్టెంబర్ 11న వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ జరిగింది అక్కడే. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ప్రసంగించి, తర్వాత ఇటు బయల్దేరాడు. మన ఊరికీ ఆ భవనానికీ అలా ఒక దారం ఉంది. అదే సమయంలో ఇక్కడికి దక్షిణంగా 11 కిలోమీటర్ల దూరంలో, జాక్సన్ పార్క్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది. తిరునాళ్ళలో మనం ఎక్కే జెయింట్ వీల్ ఉంది చూశారూ, దాని పెద్దన్న మొదటి ఫెర్రిస్ వీల్ తిరిగింది ఆ ప్రదర్శనలోనే. ఎత్తు 80 మీటర్లు.

ఇప్పుడు పడమర వైపుకి రండి. ఇక్కడ పెద్ద క్యూ ఉంటుంది, ఎందుకంటే లెడ్జ్ అనే గాజు బాక్సులు ఇక్కడే ఉన్నాయి. 2009లో పెట్టారు. గోడ నుంచి నాలుగడుగుల పైచిలుకు బయటికి పొడుచుకొస్తాయి, నేల కూడా గాజే. క్యూలో అరగంట నిలబడితే లోపల దొరికేది నిమిషం, నిమిషంన్నర. మూడు పొరల గాజు, నాలుగున్నర టన్నుల బరువు మోసేలా చేశారు. 2014లో ఒక బాక్సులో కాళ్ళ కింద పగుళ్ళు కనిపించి జనం హడలిపోయారు. పగిలింది గీతలు పడకుండా పైన వేసే రక్షణ పొర, అసలు గాజుకి ఏమీ కాలేదు. కాబట్టి భయపడకుండా వెళ్ళండి. కానీ అందరూ తమ బూట్లు ఫోటో తీసుకుని వచ్చేస్తారు. మీరు బూట్ల పక్కన ఉన్నది చూడండి. వ్యాకర్ డ్రైవ్ రోడ్డు, దాని పక్కనే ఆకుపచ్చ రంగులో సన్నటి నది.

ఈ ఊళ్ళో అన్నిటికంటే పెద్ద ల్యాండ్‌మార్క్ ఆ నదే అంటాను నేను. అది వెనక్కి పారుతోంది.

షికాగో నది మామూలుగా సరస్సులోకి పోయేది. ఊరి మురుగంతా నదిలోకి, నది సరస్సులోకి. ఊరు తాగేదేమో ఆ సరస్సు నీళ్ళు. ఇందాక చూసిన క్రిబ్‌లు అందుకే అంత లోపలికి కట్టారు. అయినా టైఫాయిడ్ ఆగలేదు. చివరికి నదినే తిప్పేద్దామనుకున్నారు. 1892లో మొదలుపెట్టి 28 మైళ్ళ కాలువ తవ్వారు. 1900 జనవరి 2న కట్ట తెంచారు. అప్పటి నుంచి నది సరస్సుకి వీపు తిప్పి ఇల్లినాయి నది వైపు, అక్కడి నుంచి మిసిసిపీలోకి, దాని వెంట మెక్సికో సింధుశాఖ దాకా పోతోంది.

మా నాన్న సాగర్ కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. టికెట్ కొనేటప్పుడు మూడు టికెట్లూ కలిపి రూపాయల్లోకి మార్చి, "నేను కింద బెంచీ మీద కూర్చుంటాలేమ్మా, మీరిద్దరూ వెళ్ళిరండి" అన్న మనిషి. పైకి వచ్చాక కూడా చేతులు వెనక్కి కట్టుకుని ముభావంగా నడుస్తున్నారు. నేను ఈ నది కథ చెప్పగానే అద్దం దగ్గరికి వెళ్ళి కిందికి చూసి అడిగిన మొదటి మాట, "వాలు ఎంత ఇచ్చారు?"

విన్నారా? ఎవరూ అడగని ప్రశ్న, అసలైన ప్రశ్న. అంకె చెప్పలేదు గానీ నాకు తెలిసింది చెప్పాను. పంపులు పెట్టి తోయలేదు నాన్నా, కాలువని సరస్సు మట్టం కంటే లోతుగా తవ్వారు, నీళ్ళు వాటంతటవే అటు పోయాయి అని. ఆయన కాసేపు ఆగి, "నీరు పల్లమెరుగు అంటారు. వీళ్ళు నీటికి కొత్త పల్లం చూపించారన్నమాట" అన్నారు. తర్వాత వెంటనే ఇంకో ప్రశ్న. "మరి కింద ఊళ్ళవాళ్ళు ఊరుకున్నారా?"

ఊరుకోలేదు. దిగువన మిసిసిపీ ఒడ్డున సెయింట్ లూయిస్ ఉంది. మీ మురుగు మా తాగునీళ్ళలోకి పంపుతారా అని మిస్సోరి రాష్ట్రం సుప్రీం కోర్టుకెక్కింది. కోర్టు ఆపుతుందేమోనన్న భయంతోనే షికాగో వాళ్ళు ఆర్భాటం లేకుండా, హడావుడిగా ఆ కట్ట తెంచారు. 1906లో తీర్పు షికాగోకే అనుకూలంగా వచ్చింది. నష్టం జరుగుతోందని మిస్సోరి నిరూపించలేకపోయింది. కృష్ణా నీళ్ళ పంచాయతీలు చూసి పెరిగినవాళ్ళకి ఈ కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎగువ వాడి సౌకర్యం, దిగువ వాడి గుండెదడ. నాన్న ఆ కిటికీ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డారు. అమ్మ రెండుసార్లు పిలిచింది. టికెట్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అదే పడమర కిటికీలో తల కొంచెం పైకెత్తండి. రెండో ప్రశ్న, పట్టాలు ఎటు? నది అవతలే యూనియన్ స్టేషన్, అక్కడి నుంచి ఊరి బయటికి పరుచుకున్న రైలు దారులు. అసలు ఈ ఊరు ఇక్కడ ఎందుకు పుట్టిందో ఇవి చెప్తాయి. తూర్పున పెద్ద సరస్సులు, పడమర మిసిసిపీ నదీ వ్యవస్థ, మధ్యలో తక్కువ ఎత్తున్న చిన్న నేల. 1848లో ఆ రెండింటినీ కలుపుతూ కాలువ తవ్వారు, అదే ఏడాది మొదటి రైలూ నడిచింది. 1837లో ఊరికి నగరం హోదా వచ్చినప్పుడు జనాభా నాలుగు వేలు. 1900 నాటికి దాదాపు 17 లక్షలు. ఒక జంక్షన్ ఊరిని ఎంత పెంచుతుందో విజయవాడ వాళ్ళకీ, కాజీపేట వాళ్ళకీ నేను చెప్పాలా!

ఇంకా దూరం చూడండి, వీధులన్నీ చదరంగం గళ్ళలా ఉన్నాయి. ఇది మీకు రోజూ పనికొచ్చే విషయం. స్టేట్, మాడిసన్ వీధులు కలిసే చోటు సున్నా. అక్కడి నుంచి పడమరకి గానీ ఉత్తరానికి గానీ 800 నంబర్లకి ఒక మైలు. 1600 వెస్ట్ అంటే రెండు మైళ్ళు. మైకేల్ జోర్డాన్ విగ్రహం ఉన్న యునైటెడ్ సెంటర్ అడ్రస్ 1901 వెస్ట్ మాడిసన్. భాగిస్తే 2.4 మైళ్ళు. అటు వైపు తెల్లటి పెద్ద కప్పు కోసం వెతకండి. మనవాళ్ళు కరివేపాకు, గోంగూర కోసం వెళ్ళే డెవాన్ అవెన్యూ 6400 నార్త్. సరిగ్గా 8 మైళ్ళు. మ్యాప్ తెరవకుండానే దూరం తెలిసిపోతుంది.

ఇప్పుడు ఉత్తరం కిటికీ. నల్లగా, పైకి వెళ్ళే కొద్దీ సన్నబడుతూ, ఒంటి మీద ఇంటూ గుర్తులు వేసుకున్న బిల్డింగ్ కనిపిస్తుంది. అది 1969 నాటి జాన్ హాంకాక్ సెంటర్, 100 అంతస్తులు. దాన్నీ నిలబెట్టింది గ్రాహం, ఖాన్ జంటే. ఆ ఇంటూ గుర్తులు అలంకారం కోసం వేసినవి కావు, గాలి తోపుని భూమిలోకి దించే చట్రం అది. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కి చదరపు మీటరుకి 206 కిలోల స్టీలు పడితే, దీనికి 145 సరిపోయింది. దాని 94వ అంతస్తులో కూడా ఒక అబ్జర్వేషన్ డెక్ ఉంది. మీకు కావాల్సింది స్కైలైన్ ఫోటో అయితే అక్కడికి వెళ్ళడం నయం, విల్లిస్ టవర్ ఫోటోలో పడాలంటే విల్లిస్ టవర్ మీద ఉండకూడదు కదా! కుడివైపు నీళ్ళలోకి కిలోమీటరు పొడవున చొచ్చుకుపోయింది నేవీ పియర్, 1916 నాటిది.

చివరిది దక్షిణం. చాలామంది ఈ కిటికీ దాటుకుని వెళ్ళిపోతారు, పెద్ద పెద్ద బిల్డింగులు లేవు కాబట్టి. మన మిగిలిన రెండు ప్రశ్నలకీ జవాబు ఇక్కడే ఉంది.

తగలబడింది ఎక్కడ? ఇక్కడికి మైలు దూరంలో డికోవెన్ వీధిలో, 1871 అక్టోబర్ 8 రాత్రి, ఓలియరీ అనే కుటుంబం పశువుల కొట్టంలో మంట లేచింది. చెక్క ఇళ్ళు, చెక్క కాలిబాటలు, ఎండిపోయిన వాతావరణం, నైరుతి గాలి. మంట నదిని దాటేసింది. మూడు చదరపు మైళ్ళ ఊరు బూడిద. దాదాపు 300 మంది చనిపోయారు, లక్ష మందికి నీడ పోయింది. ఓలియరీ గారి ఆవు లాంతరు తన్నిందని పుకారు పుట్టించారు. ఆమె ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన పేదరాలు. నింద వేయడానికి తేలిగ్గా దొరికింది. 1997లో, 126 ఏళ్ళ తర్వాత, నగర కౌన్సిల్ ఆమె తప్పేమీ లేదని తీర్మానించింది. ఆ కొట్టం ఉన్న చోట ఇప్పుడు ఏముందో తెలుసా? ఫైర్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే అకాడమీ. మంట తర్వాత డౌన్‌టౌన్‌లో నేల ధర పెరిగింది, లిఫ్ట్ వచ్చింది, స్టీలు చౌకైంది. 1885లో ఈ టవర్‌కి కొన్ని వీధుల అవతల హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ లేచింది. పది అంతస్తులు. మొదటి స్కైస్క్రేపర్ అని చాలామంది చెప్పేది దాన్నే. 1931లో కూల్చేశారు.

ఎవరి ఇళ్ళు ఎటువైపు? దక్షిణంగా పోతున్న వెడల్పాటి రోడ్డు డాన్ ర్యాన్ ఎక్స్‌ప్రెస్‌వే. దాని పక్కన ఇల్లినాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, మన తెలుగు పిల్లలు చాలామంది చదివే చోటు. అది దాటాక పచ్చటి ఖాళీలు, అక్కడక్కడ కొత్త ఇళ్ళు. 1962 నుంచి అక్కడ రాబర్ట్ టేలర్ హోమ్స్ అని 28 బిల్డింగులు ఉండేవి, ఒక్కోటి 16 అంతస్తులు. పేద నల్లజాతి కుటుంబాలన్నిటినీ ఒకే వరసలో పేర్చినట్టు పెట్టారు. ఉద్యోగాలు దూరం, మరమ్మతులు లేవు, భద్రత లేదు. 2007 నాటికి అన్నీ కూల్చేశారు. అంటే ఈ ఊరికి ఎత్తు కట్టడం చేతకాక కాదు. అదే ఊరు, అదే దశాబ్దం, ఒకవైపు హాంకాక్ సెంటర్, ఇంకోవైపు ఇవి. పైనుంచి కనిపించే ఖాళీ కూడా ఒక ల్యాండ్‌మార్కే అని నాకు ఇక్కడే అర్థమైంది. ఏ బోర్డూ దాన్ని చూపించదు, మీరే అడగాలి.

ఫోన్ గురించి రెండు ముక్కలు. కెమెరాని అద్దానికి ఆనించి తీయండి, ఫ్లాష్ ఆపేయండి, ముదురు రంగు బట్టలు వేసుకుంటే ప్రతిబింబం తక్కువ పడుతుంది. కంపాస్ యాప్ తెరిచి ఏ కిటికీ ఏ దిక్కో చూసుకోండి. శాటిలైట్ మ్యాప్ పెట్టుకుని కింద కనిపించేదాంతో పోల్చుకోండి. ఆ తర్వాత పది నిమిషాలు ఫోన్ జేబులో పెట్టేయండి. పెద్దవాళ్ళతో వెళ్తే వాళ్ళని తొందరపెట్టకండి. వాళ్ళు జీవితమంతా చేసిన పనిలోంచి ఒక ప్రశ్న వస్తుంది. మనకి గూగుల్ చేయాలని కూడా తోచని ప్రశ్న.

షికాగో వెళ్ళే వీలు లేనివాళ్ళు ఈ ఎపిసోడ్ వృథా అనుకోవద్దు. గోల్కొండ బాలా హిసార్ ఎక్కండి, విశాఖ కైలాసగిరి ఎక్కండి, మీ ఊరి గుట్ట ఎక్కండి. అవే నాలుగు ప్రశ్నలు వేయండి. మీరు తాగే నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి, మీరు వదిలే నీళ్ళు ఎవరి ఊళ్ళోకి పోతున్నాయి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఉంటాను మరి, నమస్తే.